వచ్చినప్పుడు

మిద్దె మీది రూముకు బాడుగకొచ్చిన పిల్ల
పేరు మినోరి.
మా అత్తకు చెవుడు.
"మీ ఊరా? మా ఊరు ఇదే. నీదే ఊరు?" అంటాది.
ఆ పిల్ల నడుం వంచి మళ్లీ "మినోరి" అంటాది.
అట్ల పొద్దు గుంకేదాకా
ఇద్దురూ ఊర్లు చెప్పుకుంటానే ఉండిరి.

చెనిక్కాయ తెగుళ్ల మీద చదువంట.
చెనిక్కాయను ఇడిసిపెట్టి పోయినోళ్లను చూసినా గానీ
దాని కోసరం జపాన్ నుంచి
అనంతపురం పాతూరుకు వచ్చినోళ్లను
ఇదే చూడ్డం.

మొదుటి దినం సాయంత్రం
జాకెట్లు తీసుకపోను వచ్చినోళ్ల చెప్పులు,
మా పిల్లోళ్లవి, మా ఆయనవి,
పదకొండు జతలు
బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు
వీధి పక్కకు మొగం తిప్పుకోని ఉండాయి.
"పొమ్మంటాందా మనల్ని?" అనె మా అత్త.
రెవిన్యూ కాలనీ సరోజ మొగం చిన్న చేసుకునె.
పిల్ల చిన్న పుస్తకంలో ఎతికి ఎతికి చెప్పె:
"పోయేటప్పుడు... మీకు... సులభము."

నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగె.
వచ్చినప్పుడు.
రేపా?
రేపు గాకుంటే ఎల్లుండి.
ఎన్ని గంటలకి?
వచ్చినప్పుడే తల్లీ.
గోడకంటించిన కాగితంలో గళ్లు గీసి
ఆరుకు లేచేది, ఎనిమిదికి బస్సు, తొమ్మిదికి క్లాసు,
నీళ్లకు ఎదురుగా
అదీ ఒక టైమే అయినట్టు
గుండ్రంగా తెలుగులో రాసుకునె:
వచ్చినప్పుడు.

వచ్చినాయి, తెల్లారుజామున మూడున్నరకు.
వీధి వీధంతా బిందెల మోత.
పిల్ల వరసలో కడాకు నిలబడె.
ముందరోళ్లకు వంగె, ఎనకొచ్చినోళ్లకు వంగె,
నడుమ దూరిన వన్నూరమ్మకు ఇంకా కిందికి వంగె.
కొళాయి గాలి మింగి గుర్రుమని ఆగిపాయ.
ఉత్త బిందెతో మెట్లెక్కబోతా
దానికీ వంగి పాయ.

"అరవాల తల్లీ,
మా ఊర్లో మర్యాదకు నీళ్లు రావు" అంటి.
మూడు దినాలు నేర్పినా గొంతు లేయదు.
నాలుగోనాడు
వన్నూరమ్మ బిందె దూరుస్తాంటే ఎనకనుంచి ఒక కేక:
"దయచేసి! నా బిందె కూడా ఉన్నది!"
కుక్కలు గూడా గమ్మునైపాయ.
కొళాయి ఏసినకాడినుంచి
దాని ముందర ఆ మాట ఎవురూ అనిండరు.
వన్నూరమ్మ నగి నగి కూలబడె,
ఆ పిల్ల బిందె ఆమే పట్టిచ్చె.

మా అత్త సంగటి, ఊరిబిండి పెడితే
చేతులు జోడించి ఏందో గొణిగి తింటాది.
"ఏ దేవునికే?"
దేవునికి కాదంట. రాగులకంట, చెనిక్కాయకంట,
వండినోళ్లకంట.
నేను మా అత్త చెవిలో అరిచి చెప్తి.
నలభై ఏండ్లు వండిన మనిషి.
ఏమీ అనలేదు,
ఇంకో ముద్ద ఏసె.

చెత్త మాత్రం నాలుగు సంచులు కడ్తాది.
సీసాలు కడిగి, పాలకవర్లు ఆరబెట్టి.
మున్సిపాలిటీ బండి ఓబులేసు
నాలుగూ ఒకటే గుంపులో కుమ్మరిచ్చె.
బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసె పిల్ల.
మర్సనాడూ నాలుగు సంచులే.
ఆ మర్సనాడూ.
ఓబులేసు ఇప్పుడు మా వాకిలి కాడ
తల పైకెత్తడు.

ఆయితారం రాత్రి మిద్దె మీద
ఫోనులో వాళ్ల అమ్మతో మాట్లాడతాంది.
చుక్కల కింద చానాసేపు ఒకటే గొంతు,
నడుమ నడుమ ముక్కు చీదడం, నగడం.
ఆ మాటలన్నిట్లో నాకు తెలిసింది ఒక్కటే:
బిందె.
దానికి వాళ్ల తాన పేరు లేదేమో.

నిన్న సరోజ మళ్లీ వచ్చె, కొలతలియ్యను.
దారం ఉండ వాకిట్లోకి దొర్లితే
తీసుకోను వంగినదాన్ని
ఆమె చెప్పులు తిప్పిపెడ్తి.
నా చేతులే, నాకు తెలీకుండా.
సరోజ చూసె.
"ఏమే, నువ్వూ పొమ్మంటివా?"

టేపు మెడలో ఏసుకోని నిలబడిపోతి.
ఆ పిల్ల పుస్తకం
చేతిలో ఉంటే బాగుండు.